పద్నాలుగు ఆకుకూరలూ ఒక చిన్న మాత్రా

బాలూర్‌ఘాట్
20 ఆగస్టు 1998

దిదీ,

‘శ్రీచరణాలకు’ అని మొదలుపెట్టలేదని ఈసారీ అలుగుతావు. అలుగు. మనిషి కాళ్ళ దగ్గర ఉత్తరం మొదలుపెట్టే అలవాటు ఈ దేశంలో పోయేదాకా నేను నీ మొహం చూసే మొదలుపెడతాను.

మొన్న మా విజ్ఞాన సంఘం రక్తదాన శిబిరం జరిగింది. అదే రోజు, అదే వేళకు, పక్కవీధి క్లబ్బు వాళ్ళూ శిబిరం పెట్టారు. రక్తం ఇచ్చినవాడికల్లా ఒక ప్రెషర్ కుక్కర్! ఇది దానమా, బేరమా అని మైకులో అడిగాను. వాళ్ళు మైకు తీగ పీకేశారు. మా దగ్గర ఇచ్చేది ఒక ఉడికించిన గుడ్డు, ఒక అరటిపండు, నా ఉపన్యాసం. జనం గుడ్డు దాకా ఉన్నారు.

అసలు అవమానం అది కాదు. ఇన్నేళ్ళుగా మా శిబిరంలో మొదటి సూది నాది. బల్లమీద పడుకుని చెయ్యి చాపాను. బ్లడ్‌బ్యాంకు డాక్టరు నా చెయ్యి తిప్పి చూసి, “దిదిమణీ, ఈ ఊదా మచ్చలేమిటి?” అన్నాడు. ఊళ్ళో అందరికీ నేను బడి దిదిమణినే కదా.

“బల్లలు మోశాను.”

“మోచేతి లోపలి వైపుతో మోశారా?”

“శ్రమ చేసేవాళ్ళకు మచ్చలు పడతాయి. మీకు తెలియదు.”

“మీ రక్తం తీసుకోం. ముందు పరీక్ష చేయించుకోండి” అని లేపేశాడు. వరసలో నిలబడ్డ వాళ్ళంతా చూశారు. పక్కవీధి క్లబ్బు కార్యదర్శి గోడ అవతలి నుంచి, “దిదిమణి రక్తాన్ని కూడా వెనక్కి పంపారట, ఒక కుక్కర్ ఇచ్చి ఓదార్చండ్రా!” అని అరిచాడు.

నాకేమీ లేదు. పళ్ళు తోముకుంటే కాస్త రక్తం వస్తోంది, అంతే. బ్రష్షు గట్టిది.

టుకూ


కృష్ణనగర్
29 ఆగస్టు

కల్యాణీయ టుకూ,

బ్రష్షు గట్టిది, బల్ల బరువుది, డాక్టరు మొండివాడు, క్లబ్బువాడు దొంగ. ప్రపంచంలో తప్పు లేనిది నువ్వొక్కదానివే. యాభయ్యో ఏడు వచ్చింది, చెల్లీ. మచ్చలు కనిపిస్తే మనుషులు ఆసుపత్రికి వెళతారు, మైకు దగ్గరికి వెళ్ళరు.

నీ ఉత్తరం మా అత్తగారికి చదివి వినిపించాను. ఆవిడ తీర్పు: పెళ్ళి చేసుకోని ఆడదాని రక్తం దారి తెలియక చర్మం కిందికి వస్తుందట. కోప్పడకు. ఎనభై మూడేళ్ళ మనిషి. నేను ముప్ఫై ఏళ్ళుగా కోప్పడకుండా ఉన్నాను, నువ్వు ఒక ఉత్తరం సేపు ఉండలేవా?

నీకు రక్తం తక్కువైంది, ఇంకేమీ కాదు. మా ఆయన, అదే నీ జామాయిబాబు చేత ఒక సంచెడు కులేఖరా ఆకు పంపుతున్నాను. నూరి, రసం పిండి, పొద్దున్నే పరగడుపున తాగు. మన అమ్మ రక్తం పట్టాలంటే ఇదే ఇచ్చేది. సంచి అడుగున సర్‌పురియా మిఠాయి ఉంది. అది మీ సంఘం వాళ్ళకు పంచకుండా నువ్వే తిను.

పిత్తాశయంలో రాళ్ళకు నాకు చలికాలంలో ఆపరేషను చేస్తామన్నారు. అప్పటికి నువ్వు రావాలి. నీ జామాయిబాబు ముక్కుపొడుం డబ్బీ తప్ప ఇంకేదీ సరిగ్గా పట్టుకోలేడు.

దిదీ


బాలూర్‌ఘాట్
24 సెప్టెంబరు

దిదీ,

దాచి లాభం లేదు. పదిహేను రోజులు కోల్‌కతాలో పెద్దాసుపత్రిలో ఉండి వచ్చాను. నీకు చెబితే తాయెత్తు పట్టుకుని వార్డుకి వస్తావని చెప్పలేదు.

ముందు ప్లేట్‌లెట్ల లెక్క తక్కువ వచ్చింది. దెబ్బ తగిలితే రక్తాన్ని ఆపే కణాలు అవి. అవి తగ్గితే రక్తం కారిపోతుంది, అందుకే మచ్చలు. సరే, అర్థమయింది. ఇంతలో ఎడమ కాలు గుమ్మడికాయలా వాచింది. లోపల రక్తం గడ్డకట్టిందన్నారు. నేను తిరగబడ్డాను. ఆగకుండా కారే రక్తం గడ్డ ఎలా కడుతుంది? ఏదో ఒకటి చెప్పండి, ఇద్దరు మంత్రుల్లా రెండు మాటలు చెప్పకండి అన్నాను.

అక్కడ డాక్టర్ రెహానా సుల్తానా అని ఒకావిడ. నాకంటే పదేళ్ళు చిన్నది, నాకంటే పెద్ద నోరు. “రెండూ నిజమే దిదిమణీ. మీ ఒంట్లో పుట్టిన యాంటీబాడీలే మీ ప్లేట్‌లెట్లను చంపుతున్నాయి. ఇంకో రకం యాంటీబాడీలు అక్కర్లేని చోట రక్తాన్ని గడ్డకట్టిస్తున్నాయి. ఒకే మనిషిలో రెండు జబ్బులూ చేతులు కలిపాయి” అంది.

“ప్లేట్‌లెట్లే తక్కువైతే గడ్డ కట్టేందుకు మనుషులెక్కడ?”

“తక్కువమందే. కానీ ఉన్నవాళ్ళు రెచ్చిపోయి ఉన్నారు.”

పోలీసులు తక్కువగా ఉన్న ఊళ్ళో లాఠీ ఉండదనుకున్నాను దిదీ. ఉంటుందట. జీవితమంతా శత్రువు బయట ఉన్నాడని ఉపన్యాసాలిచ్చాను. ఇప్పుడు నా సొంత సైన్యం నామీదే కాల్పులు జరుపుతోంది, అదీ రెండు వర్గాలుగా చీలి. ఈ రాష్ట్రంలో పుట్టిన పాపం కాకపోతే ఏమిటిది!

ప్లేట్‌లెట్లు పెరగడానికి స్టెరాయిడ్లు ఇచ్చారు. అవి పెరిగాయి, నా మొహమూ పెరిగింది. పిల్లలు నన్ను చూసి రసగుల్లా అనుకుంటున్నారని తెలుసు, రుజువు దొరకలేదు. గడ్డ కట్టకుండా రోజూ ఒక చిన్న మాత్ర. అది రక్తాన్ని పల్చబరుస్తుంది. దాని పని ఎలా ఉందో తరచుగా రక్తపరీక్ష చేసి చూడాలి. ఎక్కువైతే రక్తం కారుతుంది, తక్కువైతే గడ్డ కడుతుంది. ఆకుకూరలు ఒకరోజు ఎక్కువా ఒకరోజు తక్కువా తినకూడదట. వాటిలో ఉండే విటమిను ఈ మాత్రకు అడ్డు తగులుతుందట. ప్రజల తిండి మీద కూడా వీళ్ళ పెత్తనమే.

కాలు ఇప్పుడు మునగకాడ అంత కాకపోయినా దోసకాయ అంత ఉంది.

టుకూ


కృష్ణనగర్
2 అక్టోబరు

టుకూ,

పదిహేను రోజులు! నేనిక్కడ నువ్వు ఏ బాబాతోనో పోట్లాడుతున్నావనుకుని హాయిగా లక్ష్మీపూజ ముగ్గుల పిండికి బియ్యం నానబోసుకుంటున్నాను. నీకు సిగ్గు లేదు. తాయెత్తు తెస్తానని దాచావా? తెచ్చేదాన్నే. కట్టేదాన్నే.

ఆ మాత్ర వేసుకోకు. నాకు చదువు లేదు, నీకంటే తక్కువ, ఒప్పుకుంటాను. కానీ కళ్ళున్నాయి. పళ్ళలోంచి రక్తం కారే మనిషికి రక్తం పల్చబరిచే మందా? నీళ్ళపాలలో మళ్ళీ నీళ్ళు పోసే పాలవాడు కూడా ఇంత తెలివి చూపించడు. మా అత్తగారు కూడా అదే అంది. మేమిద్దరం ఒక్క మాట మీదికి రావడం పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి, ఆ లెక్కన ఆలోచించు.

కులేఖరా ఆకు ఇంకో రెండు సంచులు పంపుతున్నాను. అది మానకు. తాయెత్తు కూడా పెట్టాను, అత్తగారిది. పారేస్తే ఆవిడకు తెలిసిపోతుందట.

దిదీ


బాలూర్‌ఘాట్
12 అక్టోబరు

దిదీ,

మాత్ర వేసుకుంటున్నాను. దాదాపు. నీ మాట విని కాదు, దాని మీద నాకు సొంత అనుమానాలున్నాయి కాబట్టి. ముక్కులోంచి రక్తం వచ్చిన రోజున మానేస్తాను, కాలు నొప్పెట్టిన రోజున వేసుకుంటాను. ఇది నా శరీరం, మా ఇద్దరి మధ్య చర్చలు జరుగుతున్నాయి. నీ కులేఖరా రసం మాత్రం రోజూ తాగుతున్నాను. చేదుగా ఉంది, అంటే నిజాయితీగల మందే.

ఇక అసలు వార్త. కాళీపూజ ముందు రోజున ఊరంతా పద్నాలుగు ఆకుకూరలు తిని, పద్నాలుగు దీపాలు పెట్టి, దెయ్యాలను తోలుతారు కదా. ఈసారి మా సంఘం ‘దెయ్యాలు లేని పద్నాలుగు ఆకుకూరలు’ అని బహిరంగ భోజనం పెడుతోంది. ఇనుము కోసం తినండి, భయం కోసం తినకండి అని కరపత్రం నేనే రాశాను. ఆవాకు, బచ్చలి, గుమ్మడాకు, మెంతి, వేపచిగురు, కందాకు, అన్నీ దొరికాయి. మొదటి పళ్ళెం నేనే వేదిక మీద తినాలి. వేదికెక్కి నేనే తినకపోతే క్లబ్బువాళ్ళు ‘దిదిమణికి దెయ్యాలంటే భయం’ అంటారు.

డాక్టరు వద్దన్నది రోజూ తినేవాళ్ళ గురించి. ఇది సిద్ధాంతం గురించి.

టుకూ


కోల్‌కతా, ఆసుపత్రి
1 నవంబరు

దిదీ,

నర్సు దిండు ఎత్తుగా పెట్టింది, అందుకే అక్షరాలు కొండెక్కుతున్నాయి. బతికే ఉన్నాను.

భోజనం దిగ్విజయం. జనం రాకే కూర చాలా మిగిలింది. పదిమంది చెమట పారబోయకూడదని ఆ వారమంతా రెండు పూటలా నేనే తిన్నాను. తర్వాత బడి మెట్లు ఎక్కుతుంటే ఊపిరి ఆగిపోయింది. కాలిలో గడ్డ ముక్క ఊపిరితిత్తుల్లోకి పోయిందట. క్లబ్బు కార్యదర్శి తన వ్యానులో పడుకోబెట్టి రాత్రంతా నడిపి ఇక్కడ చేర్చాడు. దారిలో ఒక్క మాట ఎత్తిపొడవలేదు. దానికే భయమేసింది.

రెహానా డాక్టరు వచ్చి మంచం పక్కన కూర్చుంది.

“ఆకుకూరలు ఎన్ని రకాలు?”

“పద్నాలుగు.”

“ఎవరైనా బలవంతపెట్టారా?”

“లేదు. కార్యక్రమం నేనే నిర్వహించాను.”

“దెయ్యాలు రాకుండానా?”

“దెయ్యాలు లేవని చెప్పడానికి.”

“ఇంకొంచెం ఆలస్యమైతే మీరే దెయ్యమయ్యేవారు. వాదన కూడా ఓడిపోయేది.”

“రోజూ కులేఖరా రసం కూడా తాగాను” అన్నాను. ఎలాగూ ఓడిపోయాను కదా అని. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. అది కూడా ఆకేనట, నా మాత్రకు అదీ అడ్డమేనట. “ఒక చేత్తో తలుపు వేసి ఇంకో చేత్తో తెరుస్తారా? ప్లేట్‌లెట్లు తగ్గితే నేను చూసుకుంటాను, నేనున్నాను. గడ్డ గుండెకో మెదడుకో పోతే ఎవరూ ఉండరు. మాత్ర మానడం వేసుకోవడం మీ నిర్ణయం కాదు. పరీక్ష చేసి నేను చెబుతాను.”

అందుచేత దిదీ, నువ్వూ మీ అత్తగారూ ఏకమై ఇచ్చిన తీర్పు తప్పు. నాదీ తప్పే, కానీ నాది కాస్త పరిశోధనతో కూడినది.

ఇంకొక సంగతి. ఎలా రాయాలో తెలియక చివర్లో రాస్తున్నాను. “ఇంట్లో ఎవరికైనా ఇలా గడ్డలు కట్టాయా?” అని అడిగింది. లేదన్నాను. “ఎవరికైనా గర్భాలు పోయాయా?” అంది. అదెందుకు అన్నాను. ఈ యాంటీబాడీలు తల్లి ఒంట్లో ఉంటే మాయలో సన్నటి గడ్డలు కట్టి బిడ్డకు రక్తం అందకపోవచ్చట. “మా దిదీకి నాలుగు పోయాయి. రెండు అయిదో నెల దాటాక” అన్నాను. ఆవిడ రాయడం ఆపేసింది. నీకు పరీక్ష చేయించమంది. ఆపరేషనుకు ముందే.

రా దిదీ.

టుకూ


కృష్ణనగర్
8 నవంబరు

టుకూ,

నీ జామాయిబాబు నిన్ను చూసివచ్చి, కోలుకుంటున్నావని చెప్పాడు. సంతోషం.

నా నలుగురిని నీ వాదనలోకి లాగకు.

మొదటివాడు పోయినప్పుడు నేను గ్రహణం నాడు వంకాయ తరిగానన్నారు. రెండోసారి మెట్లెక్కానన్నారు. మూడోసారి ఏడ్చాననీ, నాలుగోసారి ఏడవలేదనీ అన్నారు. ఆ తర్వాత ‘అపయా’, అచ్చిరాని మనిషి అని ఒకే మాటలో సరిపెట్టారు, వాళ్ళకు శ్రమ తగ్గింది. ఏ శుభకార్యానికి వెళ్ళినా గుమ్మం దగ్గరే నా కుర్చీ. అలవాటయింది. తప్పు నాదని ముప్ఫై ఏళ్ళుగా ఊరు చెబుతోంది. ఇప్పుడు ఒక యంత్రం చేత కూడా చెప్పించాలా?

నువ్వు నీ మాత్రే సరిగ్గా వేసుకోవు. నాకు సూది గుచ్చడానికి వస్తావా?

దిదీ


బాలూర్‌ఘాట్
20 నవంబరు

దిదీ,

వాదించను. ఎంత కష్టంగా ఉందో నీకు తెలుసు, అయినా వాదించను.

ఆ డాక్టరు చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను: “వంకాయ కాదు, మెట్లు కాదు, ఏడుపు కాదు. ఉంటే రక్తంలో ఉంటుంది. కళ్ళ రంగు ఉన్నట్టే. అది తప్పు కాదు, మీ దిదీకి అలా చెప్పండి. లేకపోతే లేదని తెలుస్తుంది. ఉంటే మాత్రం ఆపరేషను బల్ల మీద అది గడ్డ కట్టకుండా ముందే జాగ్రత్త పడతాను.” అప్పట్లో ఈ జబ్బుకు పేరు కూడా సరిగ్గా లేదట. పేరు లేని జబ్బుకు నీ పేరు పెట్టేశారు, అంతే.

నా మాత్ర సంగతి. ఈరోజు నుంచి రోజూ సాయంత్రం మా హెడ్మిస్ట్రెస్ ఎదురుగా వేసుకుంటాను. ఆవిడ నాలుక కూడా ఎత్తి చూపించమంటోంది, అణచివేత తట్టుకుంటున్నాను. ఆకుకూర రోజుకు ఒక గరిటె, కులేఖరా బంద్. ఒక్కరోజు తప్పినా మీ అత్తగారి తాయెత్తు కట్టుకుని బజారు వీధి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నడుస్తాను. క్లబ్బువాళ్ళకు కబురు పెట్టి మరీ నడుస్తాను. ఇంతకు మించిన పూచీ నా దగ్గర లేదు.

నేను మింగుతాను. నువ్వు ఒక్క సూది పొడిపించుకో.

టుకూ


కృష్ణనగర్
2 ఫిబ్రవరి 1999

కల్యాణీయ టుకూ,

ఆపరేషను బాగా జరిగింది. రాళ్ళు సీసాలో వేసి ఇచ్చారు, నీ జామాయిబాబు వచ్చినవాళ్ళకల్లా చూపిస్తున్నాడు. ముందూ తర్వాతా గడ్డ కట్టకుండా పొట్ట మీద ఇంజెక్షన్లు ఇచ్చారు. అంటే నీకు తెలిసిపోయింది కదా. ఉంది. కొన్ని వారాలాగి రెండోసారి చేసినా ఉంది. నలుగురూ కచ్చితంగా దీనివల్లే పోయారని ఇన్నేళ్ళ తర్వాత ఎవరూ ప్రమాణం చేసి చెప్పలేరు గానీ, తాను మాత్రం అలాగే అనుకుంటానంది మీ రెహానా. చేతిలో చెయ్యి వేసి చెప్పింది. నేను ఆ గదిలో ఏడవలేదు. రైల్లో ఏడ్చాను. ఎదుటి సీటావిడ ఎవరు పోయారని అడిగింది. నలుగురు అన్నాను. పాపం, ఆవిడ తన మరమరాల పొట్లం మొత్తం నాకిచ్చేసింది.

ఇంటికొచ్చి అత్తగారికి చెప్పాను. “అమ్మా, నా రక్తంలో ఒక జబ్బు ఉందట. పిల్లలు నిలవకపోవడం దానివల్లేనట.”

ఆవిడ తమలపాకు నమలడం ఆపకుండా, “అయితే మీ పుట్టింటి రక్తమే. సంబంధం చూసినప్పుడే అన్నాను” అంది.

నాకు నవ్వొచ్చింది టుకూ. కుట్లు లాగేంత నవ్వు. అప్పుడు నీ జామాయిబాబు, పెళ్ళయ్యాక అమ్మ ముందు నోరు విప్పని మనిషి, ముక్కుపొడుం డబ్బీ మూత పెట్టి అన్నాడు: “ఆ నలుగురికీ నేనూ తండ్రినే కదా, అమ్మా. ఒక్కసారైనా నన్ను అపయా అన్నావా? ఆ పూట మెట్లు నేనూ ఎక్కాను.” అని బయటికి వెళ్ళి, చెప్పులు మరిచిపోయి మళ్ళీ వచ్చి, వేసుకుని వెళ్ళాడు.

ఆ తర్వాత అత్తగారు చాలా రోజులు నన్ను తిట్టలేదు. కూరలో ఉప్పెక్కువైనా తినేసింది. నేను నిజంగా కంగారుపడ్డాను, డాక్టరును పిలుద్దామా అనుకున్నాను.

నిన్న పక్కింటి మిత్తిర్‌గారి కోడలికి సాధ్. గర్భిణికి ఇష్టమైనవన్నీ వండి తినిపించే పండుగకు నన్ను ఎవరు పిలుస్తారు? పిలవలేదు. నేను వరండాలో బియ్యం ఏరుకుంటున్నాను. అత్తగారు పట్టుచీర కట్టుకుని వచ్చి, “లే. ఆ ముతక చీర మార్చుకో” అంది. “నేనెందుకు అమ్మా?” అంటే, “నా మోకాళ్ళు నన్నొక్కదాన్నే మోస్తాయా?” అంది.

నన్ను గుమ్మం దగ్గర కూర్చోనివ్వలేదు. చెయ్యి పట్టుకుని లోపలికి, ఆ పిల్ల పీట పక్కకు లాక్కుపోయింది. మిత్తిర్‌గారి పెద్ద వదిన, నీకు తెలుసు ఆ గొంతు, “మాషీమా, ఆవిడ ముట్టుకోవచ్చా?” అంది.

అత్తగారు గదంతా వినబడేలా అంది: “ఎందుకు ముట్టుకోకూడదు? దీని రక్తం కాస్త చిక్కన, నీ బుర్ర కాస్త మందం. రెండిట్లో ఒకదానికే మందుందంది కోల్‌కతా డాక్టరు. జరుగు.”

ఆవిడ జరిగింది.

కోడలు పిల్ల నా వంక చూసి, చెవి దగ్గరగా, “జేఠీమా, నాకు కిందటేడు ఒకటి పోయింది. ఎవరికీ చెప్పొద్దన్నారు. నేను మెట్లెక్కానట” అంది. గురువారం నేను తనను కోల్‌కతా తీసుకెళుతున్నాను. ఒక్కటి పోతే ఈ జబ్బేనని ఏమీ లేదు, కానీ అడిగి తెలుసుకుంటే పోయేదేముంది. వాళ్ళ అత్తగారిని ఒప్పించే పని మా అత్తగారు తీసుకుంది, కాబట్టి ఆ సంగతి అయిపోయినట్టే.

పాయసం మొదటి ముద్ద నన్నే పెట్టమన్నారు. ఆ పిల్ల నోరు తెరిచింది. నా తొందరలో కొంచెం పాయసం దాని కొత్త చీర మీద పడింది. అపశకునం అని ఎవరూ అనలేదు. నేనూ అనుకోలేదు.

నీ దిదీ